మనోవ్యథకు ఉపచారము

దేహమునకు జ్వరము వచ్చినచో దానిని దాచుకొనువారు లేరు. ఇరుగుపొరుగువారికి చెప్పుకొందురు, కషాయము కాచుకొందురు, రెండు దినములలో తగ్గకున్నచో వైద్యుని కడకు పోవుదురు. మనస్సునకు నలత కలిగినపుడు మాత్రము మనుష్యుడు తలుపు వేసికొనును. ఇంటివారు అడిగినచో "ఏమియు లేదు" అనును. ఆ మాట వెనుక ఎన్ని రాత్రుల నిద్రలేమి దాగియున్నదో ప్రక్క గదిలోనివారికి సైతము తెలియదు. భక్తులమని, సాధకులమని తలచుకొనువారియందు ఈ మరుగు మరింత హెచ్చు. దుఃఖము కలుగుట భక్తిలోపమునకు గుర్తని వారి భయము. దైవమును నమ్మినవాడు ఇట్లు దిగులుపడవచ్చునా అని లోకము అడుగునేమోయని వారి జంకు.

ఈ భయము నిరాధారమని తెలిసికొనుటకు నిత్యము పారాయణ చేయబడు భగవద్గీత యొక్కటియే చాలును. ఆ గ్రంథము ఒక మనోవ్యథతోనే ప్రారంభమగుచున్నది. వ్యథకు లోనైనవాడు పిరికివాడు కాడు, నాస్తికుడును కాడు. శ్రీకృష్ణునకు సఖుడు, తన కాలమున విలుకాండ్రలో మేటి. ఆ మొదటి అధ్యాయమునకు పెద్దలు పెట్టిన పేరు అర్జున విషాద యోగము. విషాదమును సైతము యోగమని పిలిచిన సంప్రదాయము దానిని అవమానముగా ఎంచలేదనుట స్పష్టము. ఆ విషాదమునకు భగవానుడు ఏ తీరున ఉపచరించెనో పరిశీలించినచో, నేటి గృహములలో కనవచ్చు మనఃక్లేశములకు పనికివచ్చు పాఠములు పెక్కు లభించును.

విషాద లక్షణములు

ఉభయ సేనల నడుమ రథము నిలిచినపుడు అర్జునుడు తన స్థితిని తానే చెప్పుకొనెను. అవయవములు పట్టు తప్పుచున్నవి, నోరు ఎండుచున్నది, దేహము కంపించుచున్నది, రోమములు నిక్కబొడుచుకొనుచున్నవి, గాండీవము చేజారుచున్నది, చర్మము మండుచున్నది, నిలువ శక్తి లేదు, మనస్సు గిరగిర తిరుగుచున్నది, తోచునవన్నియు దుశ్శకునములే. నేటి వైద్యులు తీవ్రమైన ఆందోళనయందు గుర్తించు లక్షణములలో పెక్కు ఇందు కలవు. పతంజలి మహర్షియు యోగసూత్రముల మొదటి పాదమున చిత్తము చెదరినపుడు తోడుగా వచ్చువానిని నాలుగింటిని పేర్కొనెను: దుఃఖము, దౌర్మనస్యము, అవయవముల వణకు, ఉచ్ఛ్వాస నిశ్వాసముల క్రమము తప్పుట. మనస్సు నొచ్చినపుడు దేహము మాటాడునని ఈ ఇరువురి వాక్కువలనను తేలుచున్నది.

ఈ విషయము తెలియక గృహములలో జరుగు అన్యాయము కొంత కలదు. ఇల్లాలు గుండెదడ యనును, తలనొప్పి యనును, కడుపులో మంట యనును. పరీక్షలన్నియు చేయించిన పిదప వైద్యుడు దోషమేమియు లేదనును. అంతట ఇంటివారు "ఇదంతయు నటన" అని తేల్చివేయుదురు. అది నటన కాదు. గాండీవము చేజారుట ఎంత నిజమో ఆ గుండెదడయు అంత నిజము. ఐనను దేహపరీక్ష మొదట చేయించుట మిక్కిలి అవసరము. రక్తహీనత వలనను, థైరాయిడ్ గ్రంథి మాంద్యము వలనను మనస్సు మందగించి నిరుత్సాహము కలుగుట కలదు. దేహమున కారణము దొరకినచో దానికి చికిత్స చేయవలెను. దొరకనిచో బాధ లేదని గాక, బాధకు మూలము వేరొకచోట నున్నదని గ్రహింపవలెను.

వినుట యను ప్రథమోపచారము

మొదటి అధ్యాయమంతటను శ్రీకృష్ణుడు పలికినది ఒక్క చిన్న వాక్యము. కూడియున్న కురువీరులను చూడుమని మాత్రము చెప్పి ఆయన ఊరకుండెను. అటుపిమ్మట ఇంచుమించు ఇరువది శ్లోకముల మేర అర్జునుడే మాటాడెను. అందు తర్కము కలదు, తర్కాభాసము కలదు. కులధర్మము గూర్చిన చింత కలదు, బంధువులపై మమకారము కలదు. సర్వజ్ఞుడైన సారథి నడుమ ఒక్కమారైనను అడ్డుపడలేదు. ఏ వాదమును ఖండింపలేదు. విల్లును బాణములను విడిచి అర్జునుడు రథముపై కూలబడు వరకును ఆయన విన్నవాడే గాని పలికినవాడు కాడు.

గీతను వేలమారులు చదివినవారును ఈ మౌనమును దాటి పోవుదురు. ఒక గృహమును ఉదాహరణముగా గైకొనవచ్చును. కుమారుడు ఇంటర్మీడియట్ పరీక్ష తప్పినాడు. మూడు దినములుగా అన్నము సరిగా తినుట లేదు. తండ్రి గది గుమ్మమున నిలిచి, "ఏమిరా, ఇంతమాత్రమునకే డీలాపడుదువా? మీ పెదనాన్న కొడుకు రెండుమార్లు తప్పి నేడు ఉద్యోగము చేయుట లేదా?" అనును. ఆయన ఉద్దేశము మంచిదే. కాని కుమారుని చెవికి ఆ మాటలలో వినబడునది ఒక్కటే: తన బాధ చాల చిన్నదని, దానిని గూర్చి మాటాడుట తగదని. అతడు "ఏమియు లేదు నాన్నగారూ" అని గోడవైపు తిరుగును. ఆ రాత్రి తల్లి మంచము ప్రక్కన కూర్చుండి, తల నిమురుచు, "చెప్పు నాయనా, నీ మనసులో ఏమున్నదో అంతయు చెప్పు, నేనేమియు అనను" అన్నచో, అరగంట గడచిన పిదపనైనను అతడు నోరు విప్పును. పరీక్ష తప్పుట అతనికి ప్రధాన బాధ కాకపోవచ్చును. తండ్రి చేసిన అప్పు తన చదువునకని అతనికి తెలిసియుండవచ్చును. ఆ సంగతి విననివాడు ఇచ్చు ధైర్యము ఎవరి గాయమునకో కట్టిన కట్టువంటిది.

వినుట యనగా ఊరక కూర్చుండుట కాదు. ఎదుటివాడు చెప్పునది ముగియకమునుపే సమాధానము కూర్చుకొనకుండుట, నీతి చెప్పవలెనను తొందరను అణచుకొనుట, కన్నీరు చూచి కంగారుపడకుండుట ఇందు చేరును. మనోవైద్య సలహాదారులు తమ విద్యలో తొలుత అభ్యసించునది ఇదియే. గృహస్థునకు ఆ విద్యలో పట్టము లేకపోవచ్చును. ఓర్పు ఉన్నచో చాలును.

ధైర్యవచనము చాలునా?

రెండవ అధ్యాయము ఆరంభమున భగవానుడు నోరు విప్పి తొలుత పలికినవి ధైర్యవచనములే. ఈ విషమ సమయమున ఈ మోహము ఎట్లు దాపురించినదని, ఇది ఆర్యులకు తగదని, హృదయ దౌర్బల్యమును విడిచి లెమ్మని రెండు శ్లోకములలో చెప్పెను. నేటి తండ్రులు చెప్పునదియు ఇంచుమించు ఇదియే. ఫలితమేమి? అర్జునుడు లేవలేదు. భీష్మద్రోణులపై బాణమెట్లు వేయుదునని తిరిగి అడిగెను. భూమండల రాజ్యము లభించినను ఇంద్రియములను ఎండించుచున్న ఈ శోకము తీరు దారి కానరాదని చెప్పెను. యుద్ధము చేయనని పలికి మౌనము వహించెను.

ఇచ్చట ఆగి విచారింపదగిన విషయమొకటి కలదు. సాక్షాత్తు భగవంతుని నోట వెలువడిన ధైర్యవచనము సైతము ఒక్కమారు చెప్పినంత మాత్రమున విషాదమును తొలగింపలేదు. అట్టిచో బంధువులు రెండు మాటలు చెప్పి, ఆ మాటలతో దిగులు తీరనిచో "వీనికి చెప్పినను ప్రయోజనము లేదు" అని విసుగుకొనుట ఏపాటి న్యాయము? శ్రీకృష్ణుడు విసుగుకొనలేదు. చిరునగవుతో తిరిగి మొదలిడి, పదునెనిమిదవ అధ్యాయము తుదివరకు అర్జునుని విడువలేదు. జ్ఞానమని, కర్మమని, ధ్యానమని, భక్తియని మార్గములు మార్చి చెప్పెను. కలగాపులగపు మాటలతో బుద్ధిని మోహపెట్టుచున్నావని శిష్యుడు మూడవ అధ్యాయమున నిష్ఠురమాడినను కోపింపలేదు.

ఆరవ అధ్యాయమున అర్జునుడు మనస్సును నిగ్రహించుట గాలిని పట్టుకొనుటవంటిదని మొరపెట్టెను. దానికి భగవానుడిచ్చిన ఉత్తరము సలహా చెప్పువారందరును కంఠస్థము చేయదగినది. "కాదు, అది సులభమే" అని ఆయన అనలేదు. మనస్సు చంచలమనుటలోను, నిగ్రహించుట కష్టమనుటలోను సంశయము లేదని మొదట ఒప్పుకొనెను. అటుపిమ్మటనే అభ్యాసవైరాగ్యములచేత అది సాధ్యమని చెప్పెను. బాధపడువాని మాటలోని నిజమును ముందు అంగీకరించి, పిదప దారి చూపుట ఇందలి మర్మము. దారిలో పడిపోయినవాని గతి యేమని అర్జునుడు భయపడినపుడు, మేలు చేయువాడు దుర్గతి పాలుకాడని అభయమిచ్చుచు "తాత" అని సంబోధించెను. తెలుగున ఆ మాటకు అర్థము వేరు. సంస్కృతమున అది బిడ్డను లాలించి పిలుచు పిలుపు. గురువు ఆ క్షణమున తల్లియైనాడు.

దినచర్యయే ఔషధము

గీత ఆరవ అధ్యాయముననే ధ్యానమును గూర్చి చెప్పుచు భగవానుడు ఆహారమును నిద్రను ప్రస్తావించెను. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, అతిగా మేల్కొనియుండువానికిని యోగము కుదరదు. ఆహారమున, విహారమున, చేయు పనులయందు, నిద్రయందు, మెలకువయందు మితమెరిగినవానికే యోగము దుఃఖమును తొలగించును. మనశ్శాంతికి ఏదియో రహస్య మంత్రమును ఆశించువారికి ఈ ఉపదేశము చప్పగా తోచవచ్చును. కాని మనస్సు ఆరోగ్యము ఇట్టి సామాన్య విషయములపైననే నిలిచియున్నది.

నిద్రను ముందుగా పేర్కొనవలెను. నిద్ర చెడినపుడు చిన్న మాట పెద్దదిగా తోచును, సందేహము నిశ్చయమగును, రాత్రి రెండు గంటలకు పుట్టిన ఆలోచనకు పగటివేళ నున్న పరిమాణముండదు. కావున రాత్రి నడుమ ఏ ముఖ్య నిర్ణయమును చేయరాదని నియమము పెట్టుకొనుట మేలు. ప్రతిదినము ఒకే వేళకు లేచుట, పడుకొనుటకు గంట ముందు ఫోనును వేరొక గదిలో నుంచుట, మధ్యాహ్నము దాటిన పిదప కాఫీ తగ్గించుట చిన్న నియమములే. ఫలము మాత్రము చిన్నది కాదు. ప్రాతఃకాలమున అరగంట నడక, ఎండ సోకుట, వేళకు భోజనము, రోజున కొంతసేపైనను చేతులతో చేయు పని మనస్సును నిలుపును. దిగులుగా నున్నవానికి "ఉత్సాహము వచ్చిన పిదప పని చేయుదును" అని తోచును. క్రమము తారుమారైనది; స్వల్పమైన పనిని చేయగా చేయగా ఉత్సాహము వెంట వచ్చును. స్నానము చేయుట, వాకిట మొక్కకు నీరు పోయుట మాత్రమే ఆ దినపు కర్మయైనను తక్కువ కాదు.

ఆలోచనల గొలుసు

మనస్సు చెడు క్రమమును గీత రెండవ అధ్యాయము మెట్టుమెట్టుగా చూపినది. విషయమును మరల మరల చింతించుట వలన సంగము, దానివలన కోరిక, కోరికవలన క్రోధము, క్రోధమువలన మోహము, మోహమువలన స్మృతి తప్పుట, దానివలన బుద్ధినాశము, తుదకు వినాశము. ఇందు మొదటి కొక్కెము చింతనము. అది ఇంకను పలుచని దారము. తుది కొక్కెము ఇనుపసంకెల. కోపము పుట్టిన పిదప నిగ్రహించుటకంటె, కోపమునకు మేతయగు చింతనమును ముందే మాన్పుట సులభము.

ఉద్యోగస్థుడొకడు పై అధికారి అన్న మాటను ఇంటికి తెచ్చుకొనును. భోజనమువేళ దానినే తలచును. పడకపై దానికి పది ఉత్తరములు కూర్చును. అధికారి ఒక్కమారు అన్న మాటను తానే నూరుమార్లు తనతో అనుకొనును. అట్టివాడు సాయంకాలమున ఆ సంగతిని కాగితముపై వ్రాసి, తన వశమున నున్నదేదో లేనిదేదో రెండుగా విభజించుకొనవలెను. ఉన్నదానికి మరునాడు చేయవలసిన ఒక పనిని నిర్ణయింపవలెను. లేనిదానిని విడుచుట కష్టమే. కావుననే దానిని ఒక్కమారు చేసి ముగింపక అభ్యాసమనిరి.

పతంజలి చిత్తప్రసాదమునకు నాలుగు భావనలు చెప్పెను: సుఖముగా నున్నవారియందు మైత్రి, దుఃఖితులయందు కరుణ, పుణ్యాత్ములయందు సంతోషము, పాపులయందు ఉపేక్ష. ఇవి గుహలలోని మునులకు మాత్రమే కావు. తోడికోడలి కుమార్తెకు మంచి సంబంధము కుదిరినదని విన్నప్పుడు మైత్రి యున్నచో ఆ రాత్రి నిద్ర పట్టును; లేనిచో పట్టదు. ఎప్పుడును నిందించు బంధువు మాటకు ఉపేక్ష యున్నచో పండుగ దినము పండుగగా గడచును. ఉపేక్ష యనగా ద్వేషము కాదు. వాని దోషమును తన మనస్సులో మోయకుండుట. తరువాతి సూత్రమున పతంజలి శ్వాసను మెల్లగా విడుచుటను చెప్పెను. ఆందోళన ముంచుకొనివచ్చినపుడు తీసికొను శ్వాసకంటె విడుచు శ్వాసను దీర్ఘము చేయుట ఎవరైనను, ఎచ్చటనైనను చేయదగిన ఉపాయము.

వైద్యుని ఆశ్రయింపవలసిన వేళ

ఇంతవరకు చెప్పినవి నిత్య క్లేశములకు. మనోవ్యథ వ్యాధిగా పరిణమించుటయు కలదు. యోగమునకు అంతరాయములను తొమ్మిదింటిని లెక్కించుచు పతంజలి మొదట పేర్కొన్నది వ్యాధినే. చరకసంహిత సూత్రస్థానము మనస్సునకు రజస్తమస్సులు దోషములని చెప్పి, జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి వానికి శమనములనెను. దైవమును ఆశ్రయించు చికిత్స, యుక్తిని ఆశ్రయించి ఆహార ఔషధములతో చేయు చికిత్స, అహితములనుండి మనస్సును మరలించు సత్త్వావజయము అని మూడు చికిత్సలను వేరువేరుగా నిలిపెను. మానస వ్యాధియందు ఆ విద్య నెరిగినవారిని సేవింపవలెనని విధించెను. ప్రార్థన చేయువాడు ఔషధమును మానవలెనని ఆ ఋషి చెప్పలేదు.

రెండు వారములకు మించి ప్రతిదినము దిగులు వీడకున్నను, ఇష్టమైన వానియందు సైతము రుచి నశించినను, నిద్రాహారములు చెడినను, చేయు పని చేయలేకపోయినను, ఇతరులకు వినబడని మాటలు వినబడుచున్నను, తాను లేకున్న అందరికి మేలని తోచుచున్నను ఇక ఆలసింపరాదు. మనదేశమున 2015-16 సంవత్సరములలో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేక్షణము పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నారని తేల్చినది. అట్టివారిలో అధిక సంఖ్యాకులకు చికిత్స అందుట లేదనియు చూపినది. సిగ్గు ఇందుకొక పెద్ద కారణము. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము ప్రతివ్యక్తికిని మానసిక చికిత్స పొందు హక్కును ఇచ్చినది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా భావింపవలెనే గాని శిక్షింపరాదని ఆ చట్టము ఆశయము. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సహాయమునకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోను మాటాడవచ్చును, రుసుము లేదు.

ప్రాణము తీసికొనవలెనను తలపు కలుగుచున్నదా అని ఆప్తుడు అడిగినచో లేని తలపు పుట్టునని పెక్కుమంది భయపడుదురు. అది సరికాదు. మెల్లగా, సూటిగా అడుగుటవలన లోపలి భారము దిగును. సహాయమునకు దారి ఏర్పడును. అవునని సమాధానము వచ్చినచో వానిని ఒంటరిగా విడువక, ఇంటనున్న పురుగుమందు మొదలగువానిని అందకుండ చేసి, వెంటనే వైద్యుని కడకు కొనిపోవలెను. వైద్యుడిచ్చిన మందును కొంచెము నెమ్మదించినంతనే తమంతట తాము మానరాదు. తీవ్రమైన రుగ్మతయందు దీర్ఘ ఉపవాసములు, దీర్ఘ ధ్యానములు సైతము వైద్యుని అడిగియే చేయవలెను.

స్మృతి లభించుట

గీత ముగియుచున్నపుడు భగవానుడు చేసిన రెండు పనులు గమనింపదగినవి. చెప్పవలసినదంతయు చెప్పిన పిదప, దీనిని సంపూర్ణముగా విమర్శించి నీకు తోచినట్లు చేయుమనెను. ఆజ్ఞాపింప సమర్థుడైనవాడు నిర్ణయమును శిష్యునికే విడిచెను. అటుపిమ్మట, ఏకాగ్రచిత్తముతో వింటివా, నీ మోహము నశించెనా అని అడిగెను. ఉపదేశము చెప్పితిని, నా పని తీరినదని లేచిపోలేదు; ఎదుటివానికి ఉపశమనము కలిగినదా లేదా అని విచారించెను.

అర్జునుని ఉత్తరమున మోహము పోయినదన్న మాటతోపాటు స్మృతి లభించినదన్న మాట కలదు. విషాదము మనుష్యుని చేత మరపించునది అతనినే. తానెవరో, తనవలన ఎవరికేమి మేలు జరిగినదో, ఇంతకు మునుపు ఎన్ని కష్టములు దాటివచ్చినాడో అతనికి జ్ఞప్తికి రాదు. ఆప్తుడు చేయగల సేవ ఆ జ్ఞాపకమును తిరిగి అందించుట. పరీక్ష తప్పిన బాలునకు తన తల్లి తనను మార్కులకొరకు కనలేదన్న సంగతి జ్ఞప్తికి వచ్చినచో, మరుసటి దినము అతడు ఆమె పిలువకయే భోజనమునకు వచ్చి కూర్చుండవచ్చును. ఆ పూట తండ్రి పరీక్ష మాట ఎత్తక, కుమారుని విస్తరిలో పెరుగు వడ్డించి, అతడు మాటాడువరకు ప్రక్కన కూర్చుండుట మేలు.